వాగు పచ్చబడితే తప్పు ఎండదేనా?

వాగు దాటుతూ మీరెప్పుడైనా జారి పడ్డారా? పల్లెలో పెరిగినవాళ్లయితే తప్పకుండా పడే ఉంటారు. మోకాలు రుద్దుకుంటూ లేచి, ఆ రాయిని తిట్టుకుని ఉంటారు. కాని తప్పు రాయిది కాదు. రాయి మీద కంటికి ఆనని చిన్న అడవి ఒకటి ఉంది. మీ కాలు ఆ అడవి మీద పడింది.

దాన్ని మనం పాచి అంటాం, పాశి అంటాం, పాకురు అంటాం, నాచు అంటాం. మీ పుస్తకంలో శైవలాలు అని ఉంటుంది. వేరు లేదు, కాండం లేదు, పువ్వు లేదు. అయినా పత్రహరితం ఉంది. సూర్యకాంతి సాయంతో నీటినీ, కార్బన్ డై ఆక్సైడునూ (మేం చదువుకునే రోజుల్లో బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లం) కలిపి తన అన్నం తానే వండుకుంటుంది. ఆ వంటలో మిగిలిన ప్రాణవాయువును నీటిలోకి వదులుతుంది. వాగులో నత్త తినేది దీన్నే. పురుగు పిల్లలూ, తోకకప్పలూ తినేది దీన్నే. వాటిని చేప తింటుంది, చేపను కొంగ తింటుంది, మనమూ తింటాం. ఊరికి పొలం ఎలాంటిదో వాగుకు నాచు అలాంటిది. కాబట్టి "నాచు అంటే మురికి" అనే మాటను ముందు మనసులోంచి తీసెయ్యండి. 

నాచులోనూ రకాలున్నాయి. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికి వస్తుంది. పారే నీటిలో రాయిని తడిమితే గోధుమరంగు జిగురు చేతికి తగులుతుంది. అవి డయాటంలు. ఒక్కొక్కటి ఒక్కటే కణం. ఆ కణం చుట్టూ సిలికాతో, అంటే గాజును తయారు చేసే పదార్థంతో, కట్టుకున్న పెట్టె ఉంటుంది. మన సబ్బుపెట్టెకు లాగా దానికి అడుగూ మూతా కూడా ఉంటాయి. రెండో రకం ఆకుపచ్చ శైవలాలు. స్పైరోగైరా మీకు తెలిసిందే. చేత్తో పట్టుకుంటే పట్టుపోగులా జారిపోతుంది. మూడోది నీలి-ఆకుపచ్చ నాచు. నిజానికి ఇవి శైవలాలు కావు, బాక్టీరియాలు. అయినా నాచు చేసే వంటే చేస్తాయి కనుక పాత పేరు నిలిచిపోయింది. వీటిని తక్కువగా చూడకండి. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట భూమి గాలిలో ప్రాణవాయువు నిండటం మొదలైంది వీటి పూర్వీకుల చలవ వల్లనే. వరిమడిలో గాలి నుంచి నత్రజనిని పట్టి పైరుకు అందించేవి కూడా వీటిలో ఉన్నాయి. ఉండవలసిన చోట, ఉండవలసినంత ఉంటే ఏ నాచూ మనకు శత్రువు కాదు.

ఇక ఈ వ్యాసం రాయటానికి కారణమైన అట్ట సంగతి చెబుతాను.

మా బడిలో విజ్ఞాన ప్రదర్శన పెట్టాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక అట్ట మీద మా ఊరి వాగు బొమ్మ వేశారు. నీళ్లకు చిక్కటి ఆకుపచ్చ రంగు పూశారు. కింద పెద్ద అక్షరాలతో "వాతావరణ మార్పు వలన మన వాగు ఆకుపచ్చగా మారినది" అని రాశారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. బహుమతి కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ వాక్యం పంటి కింద రాయిలా తగిలింది. పిల్లలు అబద్ధం రాశారని కాదు. సగం నిజం రాశారు, ఆ సగంతో మిగతా సగాన్ని కప్పేశారు. ఆ కప్పటం పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నదే. ఈమధ్య బోరు ఎండినా, చేప చచ్చినా, చెరువు కంపు కొట్టినా "అంతా వాతావరణ మార్పే" అని చేతులు దులుపుకోవటం మనకు అలవాటైపోయింది.

మరుసటి వారం ఆ పిల్లలనే వెంటబెట్టుకుని వాగుకు వెళ్లాను. డిండిలో కలిసే ఎన్నో ఒర్రెల్లో, వాగుల్లో మాదీ ఒకటి. ముందు ఊరికి ఎగువన ఒకచోట ఆగాం. తర్వాత ఊరి మురుగు కాలువ వచ్చి కలిసే చోటు దాటి, దిగువన ఇంకొక చోట ఆగాం. ఎగువన రాళ్ల మీద గోధుమరంగు జిగురు పొర, అక్కడక్కడ పచ్చటి పోగులు. దిగువన రాళ్లే కనిపించలేదు. నీళ్ల నిండా పచ్చటి జడలు, గట్టు వారన నీలి-ఆకుపచ్చ మీగడ, దాని మీద దోమలు. రెండు చోట్లా థర్మామీటరు నీటిలో ముంచి చూశాం. దాదాపు ఒకే గీత దగ్గర ఆగింది. అట్ట మీద ఆ వాక్యం రాసిన అమ్మాయే ముందుగా అడిగింది.

"సార్, ఎండ పైన గూడ గంతనే ఉన్నది గదా! మరి గాడ ఎందుకు గింత పచ్చగ లేదు?"

ప్రదర్శనలో బహుమతి ఈ ప్రశ్నకు రావలసింది.

ఇలాంటి ప్రశ్ననే కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త ఒక సరస్సును అడిగాడు. ఒంటారియో రాష్ట్రంలో పరిశోధనల కోసమే కేటాయించిన చిన్న చిన్న సరస్సులున్నాయి. వాటికి పేర్లు కాదు, నెంబర్లు. 226వ నెంబరు సరస్సు నడుము దగ్గర సన్నగా ఉంటుంది. 1973లో అక్కడ ప్లాస్టిక్ తెర కట్టి సరస్సును రెండు చేశారు. ఒక సగంలో కార్బనూ నత్రజనీ ఉన్న పదార్థాలు కలిపారు. రెండో సగంలో ఆ రెండింటితో పాటు భాస్వరం కూడా కలిపారు. రెండు సగాలకూ అదే ఎండ, అదే గాలి, అదే వాన. భాస్వరం పడిన సగం నీలి-ఆకుపచ్చ నాచుతో కప్పుకుపోయింది. రెండో సగం మామూలుగా ఉండిపోయింది. పైనుంచి తీసిన ఆ సరస్సు ఫోటో దేశదేశాల పుస్తకాల్లో అచ్చయింది. ఒకే సరస్సు, తెరకు ఇటు ఒక రంగు, అటు ఒక రంగు! అది నిలిచిన నీరు, మనది పారే నీరు. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కాని కారణాలను విడదీసి చూసే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

మరి మన వాగుకు భాస్వరం ఎక్కడి నుంచి వస్తోంది? మీ ఇంట్లో డి.ఎ.పి. సంచి ఉంటే దాని మీద ఉన్న అంకెలు చదవండి. 18-46-0 అని ఉంటుంది. నూరు కిలోల ఎరువులో 18 కిలోల నత్రజని, భాస్వరం పెంటాక్సైడు లెక్కన 46 కిలోలు ఉన్నాయని అర్థం. పైరు తినగలిగినంత తింటుంది. మిగిలినదాంట్లో కొంత మట్టిని పట్టుకుని ఉండి, పెద్ద వాన పడితే మట్టితో పాటే వాగులోకి దిగుతుంది. ఊరి మురుగులో మలమూత్రాలతో వచ్చేది ఇంకొంత. పశువుల కొట్టం కడిగిన నీళ్లలో మరికొంత. ఇవేవీ ఎండ తెచ్చినవి కావు.

అయితే ఎండకు ఏ పాపమూ లేదా? ఉంది. ఇప్పుడు ఆ రెండో సగం చూద్దాం.

భూమి వేడెక్కుతున్న మాట నిజం. 1850-1900 నాటి సగటుతో పోలిస్తే 2011-2020 దశాబ్దంలో ప్రపంచ ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024 సంవత్సరమైతే ఒకటిన్నర డిగ్రీలు కూడా దాటింది. మన దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 లోపల సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రచురించిన నివేదిక చెబుతోంది. "డిగ్రీ కూడా లేదు, దీనికింత గొడవా?" అనుకోకండి. సగటు అంటే ఏడాది పొడవునా, రాత్రీ పగలూ, చలీ ఎండా కలిపి తీసిన అంకె. సగటు కొంచెం జరిగితే చాలు, అంచుల్లో ఉండే మండుటెండ రోజులు చాలా పెరుగుతాయి.

మన నేల సంగతి కూడా చూడండి. పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు అక్టోబరు 2016 తర్వాత ఎన్ని జిల్లాలుగా విడిపోయినా నేల మాత్రం ఒకటే: గ్రానైటు గుట్టలు, పలుచటి ఎర్రమట్టి, ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. మా మూసీ, డిండి, దుందుభి, హాలియా, పెద్దవాగు ఇవన్నీ వాననీటి మీద బతికేవే. హిమాలయాల నదులలాగా వీటికి మంచు దన్ను లేదు. వానాకాలం పారతాయి. తర్వాత పాయలవుతాయి, మడుగులవుతాయి, చివరికి చెలిమెలవుతాయి. లోతు లేని నీరు కనుక గాలి ఎంత వేడెక్కితే నీరూ ఇంచుమించు అంత వేడెక్కుతుంది.

ఇలాంటి వాగులో బతికే నాచు గట్టిది సుమా! ఎండిన వాగులోంచి బూడిదరంగు పొర కట్టిన రాయిని తెచ్చి, గాజుగ్లాసులో మంచినీళ్లు పోసి, అందులో ఉంచి కిటికీలో పెట్టండి. కొన్నాళ్లకు ఆ రాయి రంగు తిరుగుతుంది. నాచు కణాల్లో కొన్ని మందమైన గోడలు కట్టుకుని, విత్తనంలా నిద్రపోయి, తడి తగలగానే లేస్తాయి. మన నాచుకు ఎండ కొత్త కాదు. కాని ఆ నిద్రకూ ఒక గడువు ఉంది. ఎండిన కాలం పొడుగవుతున్నకొద్దీ లేచేవాళ్లు తగ్గుతారు, లేవటం ఆలస్యమవుతుంది. తొలకరికి వాగులో కళ్లు తెరిచే పురుగు పిల్లలకు అప్పుడు పళ్లెం ఖాళీగా కనిపిస్తుంది.

నీరు ఉన్నచోట ఏం జరుగుతుంది? ఒక హద్దు వరకు, పది డిగ్రీల వేడి పెరిగితే నాచు పెరిగే వేగం సుమారు రెట్టింపవుతుంది. కాని అన్ని రకాలూ సమానంగా లాభపడవు. డయాటంలలో చాలావాటికి కాస్త చల్లటి నీరు, కదిలే నీరు ఇష్టం. నీలి-ఆకుపచ్చ నాచులో చాలా రకాలకు 25 డిగ్రీలు దాటాకనే అసలు హుషారు వస్తుంది. పైగా వాటిలో కొన్నింటికి కణంలోనే గాలి బుడగలు ఉంటాయి. నీరు కదలకుండా ఉంటే పైకి తేలి, ఎండనంతా తామే తాగి, కిందివాటికి నీడ పెడతాయి. అంటే వేడెక్కి, పారటం ఆగిన మడుగులో గోధుమరంగు పోయి నీలి-ఆకుపచ్చ రంగు వస్తుంది. మనకు రంగు మారినట్టే కనిపిస్తుంది. నత్తకూ పురుగుకూ మాత్రం సన్నబియ్యం తీసి పొట్టు పెట్టినట్టు! నీలి-ఆకుపచ్చ నాచును చాలా జీవులు తినలేవు. తిన్నా బలం రాదు. కొన్ని రకాలు విషం కూడా తయారు చేస్తాయి.

ఇక్కడ తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, నాచు పెరిగితే ప్రాణవాయువు పెరగాలి గదా, మంచిదే గదా?" మంచి ప్రశ్న. జవాబు నేను పుస్తకంలో కంటే ముందు చెరువు గట్టు మీద విన్నాను. చేపలు పట్టే ఒక పెద్దాయన చెప్పాడు. "చేపలు పగటిపూట సావవు సారూ. తెల్లారగట్ల పైకొచ్చి నోర్లు తెరుస్తయి. పొద్దు పొడిచినంక బతికితే బతికినట్టే."

ఆయన చెప్పింది అక్షరాలా విజ్ఞానమే. పగలు నాచు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి వంట ఉండదు, శ్వాస మాత్రం ఆగదు. నాచు, చేప, పురుగు, కుళ్లబెట్టే బాక్టీరియా అన్నీ కలిసి ఉన్న ప్రాణవాయువునే పీలుస్తాయి. తెల్లవారే సరికి డబ్బా అడుగు కనిపిస్తుంది. అసలు వేడినీటి డబ్బాయే చిన్నది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. 35 దగ్గర ఏడే. వేడి పెరిగేకొద్దీ జీవుల శ్వాస వేగం పెరుగుతుంది, డబ్బా చిన్నదవుతుంది. చిక్కటి నాచు ఉన్న మడుగులో తెల్లవారుజామున చేపలు ఎందుకు చస్తాయో ఇప్పుడు మీరే చెప్పగలరు.

వాన సంగతి ఇంకొకటి. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు మించే కుండపోత వానలు 1950-2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయని పైన చెప్పిన నివేదికే లెక్క కట్టింది. మన ప్రాంతం ఆ హద్దుకు దక్షిణాన ఉంది కనుక ఆ అంకెను మనకు అతికించటం సరికాదు. కాని కృష్ణ ఒకసారి పొంగి, ఒకసారి ఎండటం మనం కళ్లారా చూశాం. 2009 అక్టోబరులో వరద అలంపురాన్ని ముంచింది. 2016 వేసవిలో జూరాల, నాగార్జునసాగర్ అడుగంటాయి. పెద్ద వరద వస్తే రాళ్ల మీది నాచును గీకిపారేస్తుంది. నీరు బురదై వెలుతురు లోపలికి పోదు. వరద తగ్గాక పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువు మడుగుల్లో మిగులుతుంది. ఆ తర్వాత నెలల తరబడి ఎండ. ముందు పేట తుడిచి, తర్వాత ఎసరు పెట్టి, పొయ్యి రాజేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. అప్పు తెచ్చినవాళ్లకు అసలు అంటే ఏమిటో, వడ్డీ అంటే ఏమిటో తెలుసు. వాగులో కలిసే మురుగు, ఎరువు, తగ్గిపోయిన పారుదల, ఇవి అసలు. పెరిగిన ఎండ దాని మీద వడ్డీ. అసలు ఎంత పెద్దదైతే వడ్డీ అంత పెరుగుతుంది. వడ్డీ రేటు మన ఊరి చేతిలో లేదు. అది ప్రపంచ దేశాలన్నీ కలిసి బొగ్గు, పెట్రోలు తగ్గిస్తే తగ్గేది. అసలు మాత్రం మన చేతిలోదే. "అంతా వాతావరణ మార్పే" అనేవాళ్లు వడ్డీని చూపించి అసలును దాచిపెడుతున్నారు. 

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో బార్వన్-డార్లింగ్ నది 1991 చివర్లో సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవున నీలి-ఆకుపచ్చ నాచుతో విషపూరితమైంది. కరువు వచ్చి నది పారటం దాదాపు ఆగింది, వేడి ఉంది, నీటిలో భాస్వరమూ ఉంది. మూడూ కలిశాయి. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. 2022 ఆగస్టులో పోలండు, జర్మనీ సరిహద్దున పారే ఓడర్ నదిలో వందల టన్నుల చేపలు చచ్చి తేలాయి. అక్కడ పని చేసింది బంగారు నాచు అనే మరో రకం. సముద్రపు అంచున ఉప్పు కలిసిన నీటిలో ఉండవలసిన ఆ నాచు నది నడుమకు ఎలా వచ్చి బతికింది? పరిశ్రమలు వదిలిన ఉప్పునీరు దానికి ఇల్లు కట్టింది. ఆ వేసవి ఎండ, తగ్గిన నీరు దాన్ని పెంచాయి. ఉప్పు లేకుండా ఎండ ఒక్కటే ఆ పని చెయ్యగలిగేది కాదు.

మన దగ్గర ఈ లెక్క చూడాలంటే మూసీ కంటే మంచి బడి లేదు. వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టి, హైదరాబాదు నడుమ నుంచి పారి, నల్గొండ నేల మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఎండాకాలంలో దాని స్వభావం ప్రకారం మూసీ చిక్కిపోవాలి. కాని హైదరాబాదు దిగువన అది మే నెలలో కూడా పారుతూనే ఉంటుంది. అది వాననీరు కాదని మీకు తెలుసు. వేడినీ మురుగునూ విడదీసి చూడటానికి ప్రకృతి, పట్టణం కలిసి కట్టిన తెర అది. నగరానికి ఎగువన ఒక మూసీ, దిగువన ఒక మూసీ.

ఆ నదిలోని శైవలాలను మనవాళ్లు ఏనాడో చదివారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞుడు వి. వెంకటేశ్వర్లు హైదరాబాదు దగ్గర మూసీలో నీటి రసాయన గుణాలు ఎలా మారుతున్నాయో, ఏ కాలంలో ఏ శైవలాలు పెరుగుతున్నాయో, కాలుష్యం వాటిని ఎలా మారుస్తోందో పరిశీలించి, 1969, 1970లలో హైడ్రోబయాలజియా అనే అంతర్జాతీయ పత్రికలో వరుసగా ప్రచురించాడు. భూమి వేడెక్కుతోందని ఊళ్లో ఎవరూ మాట్లాడని రోజులవి. ఇవాళ మూసీలో ఏం మారిందో చెప్పాలంటే ఆనాటి లెక్కే మనకు కొలబద్ద. డాక్టరు దగ్గరకు వెళితే "ఇంతకు ముందు ఎంత ఉంది?" అని అడుగుతాడు చూడండి, అలాంటి పాత చీటీ అది. మీ ఊరి వాగుకు అలాంటి చీటీ ఉందా?

ఇదంతా చేపలకూ నత్తలకూ సంబంధించిన గొడవే అనుకుంటే పొరపాటు. నల్గొండ జిల్లా ఎన్నో ఏళ్లు బోరునీటిలోని ఫ్లోరైడుతో ఎముకలు వంగిపోయి బాధపడింది. ఆ విషాన్ని పటికతోనూ సున్నంతోనూ తొలగించే పద్ధతికి లోకమంతటా "నల్గొండ పద్ధతి" అనే పేరు. చివరికి ఫ్లోరైడు లేని కృష్ణ నీరే మనకు దిక్కయింది. అక్కంపల్లి జలాశయం నుంచి మన పల్లెలకూ, హైదరాబాదుకూ వెళ్లేది ఆ నీరే. భూమి లోపలి నీటిలో నాచు పెరగదు. జలాశయంలోని నీటిలో పెరుగుతుంది. నీలి-ఆకుపచ్చ నాచులో కొన్ని తయారు చేసే మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. నీటిని మరిగించినా అది పోదు. మన జలాశయాల్లో అది ఉందని నేను అనటం లేదు. ఒక విషాన్ని తప్పించుకోవటానికి ఇంత దూరం నుంచి తెచ్చుకున్న నీటిని, పైనుంచి దిగే ప్రతి వాగునూ చూసుకుంటూ కాపాడుకోవాలి అంటున్నాను.

మరి ఏం చెయ్యాలి? కొన్ని పనులు పెద్దవాళ్లవి. మురుగును శుద్ధి చేయకుండా వాగులో కలపరాదు. దీని మీద చర్చ అక్కర లేదు. చెరువుల పూడిక తీసి పొలాలకు తోలటం, 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చేసినట్టు, నాకు రెండు విధాల నచ్చిన పని. చెరువు లోతవుతుంది, పైగా మట్టితో పాటు భాస్వరం కూడా నీటిలోంచి తిరిగి చేనుకు చేరుతుంది. చెక్‌డ్యాముల గురించి నాకు రెండు మనసులున్నాయి. బోర్లలో నీరు నిలబెడతాయి, రైతుకు మేలు చేస్తాయి. కాని పారే వాగును నిలిచే మడుగుల వరసగా మారుస్తాయి, నీలి-ఆకుపచ్చ నాచుకు కావలసింది అదే. వద్దనను. ఊరి మురుగు ఆ మడుగులోకి రాకుండా చూస్తే చాలు. ఇసుక సంగతి మాత్రం మెత్తగా చెప్పలేను. ఇసుక వాగుకు దుప్పటి. దాని కింద నీరు చల్లగా దాగుతుంది, చెలిమె తీస్తే ఊరుతుంది. దాన్ని లారీలకెత్తి గుంటలు మిగిల్చాక ఆ గుంటల్లో పచ్చటి నీళ్లు నిలిస్తే, ఎండను తిట్టటం ఏం న్యాయం?

గట్టున చెట్లు ఉండాలి. నల్లమలలో మల్లెలతీర్థం చూడటానికి వెళ్లిన వాళ్లు అక్కడి నీళ్లలో చెయ్యి పెట్టి చూసి ఉంటారు. అడవి నీడలో పారే నీరు, బయట బోడిగట్ల మధ్య పారే నీటి కంటే చల్లగా ఉంటుంది. మద్ది, నేరేడు, కానుగ, ఈత మన వాగుల గట్టున పెరిగే చెట్లే. వాటి నీడ వడ్డీని కూడా కాస్త తగ్గిస్తుంది.

మీ పని వేరే ఉంది. మీ బడికి ఒక వాగు పుస్తకం పెట్టండి. ఖర్చు లేదు. నున్నటి బండ పెంకు, లేదా తెల్లటి టైలు ముక్కలు నాలుగు తీసుకోండి. రెండు ఊరికి ఎగువన, రెండు దిగువన, మోకాలి లోతుకు మించని నీటిలో రాళ్ల మధ్య ఇరికించండి. రెండు వారాల తర్వాత తీసి, పైన ఏ రంగు పొర పెరిగిందో చూడండి. గోధుమరంగా, పచ్చటి పోగులా, నీలి-ఆకుపచ్చ జిగురా? పాత టూత్‌బ్రష్‌తో గీకి, కాస్త నీటిలో కలిపి బడి సూక్ష్మదర్శినిలో పెడితే డయాటం పెట్టెలు మీకే కనిపిస్తాయి. రోజూ ఒకే వేళకు నీటి ఉష్ణోగ్రత రాయండి. వాగు ఏ రోజు పారటం ఆగిందో, తొలకరికి ఏ రోజు మళ్లీ పారిందో, ఎన్ని రోజులకు రాళ్లు పచ్చబడ్డాయో రాయండి. పదో తరగతి అయిపోయి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని ఎనిమిదో తరగతివాళ్లకు అప్పగించండి. ఒక ఏడాది లెక్క చూసి "వాతావరణం మారింది" అనకండి. ఇరవై, ముప్పై ఏళ్ల లెక్క ఉంటే అప్పుడు అనవచ్చు.

ఒంటరిగా వాగుకు వెళ్లకండి. ఎగువన వాన పడిన రోజు అసలే వెళ్లకండి. ఇసుక తీసిన చోట్ల లోతు తెలియదు, అక్కడ కాలు పెట్టవద్దు. నీలి-ఆకుపచ్చ మీగడ కట్టిన నీటిని చేత్తో ముట్టకండి, పశువులను తాగనివ్వకండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

మా పిల్లలు కొత్త అట్ట తయారు చేశారు. దాని మీద ఈసారి వాక్యం లేదు. రెండు పెంకులు అతికించి, కింద "ఎగువ", "దిగువ" అని మాత్రం రాశారు. పెంకులను నీటిలోంచి తీసే రోజు ఆదివారం కాకుండా మీరు ముందే చూసుకోండి. మావాళ్లు ఆ సంగతి మరిచి ఒకసారి మూడు వారాలు నాననిచ్చారు.